గ్రిగ్నార్డ్‌లో చిటికెడు ఉప్పు: లిథియం క్లోరైడ్‌తో పని, విశాఖ తేమలో

విశాఖలో చాలా వంటిళ్లలో ఉప్పు డబ్బా మూత తీస్తే లోపల నాలుగు బియ్యపు గింజలు కనిపిస్తాయి. అవి లేకపోతే వానాకాలంలో ఉప్పు చెమ్మగిల్లి ముద్దకడుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే సోడియం క్లోరైడ్ ఆ నీటిని పీల్చుకుని కరగడం మొదలుపెడుతుంది. మన ఊరి గాలి ఏడాదిలో చాలా రోజులు ఆ గీతకు అటూఇటూగానే ఉంటుంది. లిథియం క్లోరైడ్‌కు ఆ గీత 11 శాతం. అంటే విశాఖ గాలిలో మూత తీసిపెట్టిన లిథియం క్లోరైడ్ పొడిగా ఉండే రోజంటూ లేదు. పరవాడ ఫార్మా సిటీలోనో, ఆంధ్రా యూనివర్సిటీ ల్యాబ్‌లోనో పని మొదలుపెట్టిన పిల్లలకు నేను ముందు చెప్పేది ఇదే. గ్రిగ్నార్డ్ అంటే కార్బన్‌కు మెగ్నీషియం అతికించి చేసే చురుకైన రీఏజెంట్, నీరు తగిలితే చచ్చిపోతుంది. దానికి తోడుగా వేసే ఉప్పే లిథియం క్లోరైడ్. రియాక్షన్ సంగతి తర్వాత, ముందు ఉప్పు సంగతి చూడండి.

నేను ఇది నేర్చుకున్నది నష్టపోయాకే. ఉద్యోగంలో చేరిన కొత్తలో, అక్టోబరులో ముసురు పట్టిన రోజున, కొత్త సీసా తెరిచి 4.24 గ్రాముల లిథియం క్లోరైడ్ తూచాను. బ్యాలెన్స్ తలుపు తీసే ఉంది, ఫోన్ వస్తే మాట్లాడి వచ్చాను. బీకర్లు కడగడానికి తీసుకెళ్తున్న అటెండర్ బాబాయ్ తొంగిచూసి, "బాబూ, ఈ ఉప్పు నీరైపోతందేటి?" అన్నాడు. వాచ్‌గ్లాస్ మీద పొడి అంచులు అప్పటికే తళతళలాడుతున్నాయి. ఏముందిలే, కొంచెం తడే కదా అనుకుని వేసేశాను. గ్రిగ్నార్డ్ మొదలవలేదు, మెగ్నీషియం మెరుస్తూ అలాగే కూర్చుంది. తర్వాత లెక్క వేసుకున్నాను. ఆ ఉప్పులో పది శాతం నీరున్నా 0.42 గ్రాములు, అంటే 23 మిల్లీమోల్స్‌కు పైనే. 50 పీపీఎం (పది లక్షల్లో 50 వంతులు) నీరున్న టీహెచ్‌ఎఫ్, అంటే టెట్రాహైడ్రోఫ్యూరాన్ అనే సాల్వెంట్, వంద మిల్లీలీటర్లు పోస్తే వచ్చేది పావు మిల్లీమోల్. సాల్వెంట్‌ను సోడియం, బెంజోఫినోన్‌తో నీరు పోయిందనడానికి గుర్తైన నీలం రంగు వచ్చేదాకా కాచి, ఉప్పుతో దానికి తొంభై రెట్ల నీళ్లు నేనే పోశానన్నమాట.

ఉప్పు అసలేం చేస్తుంది

విక్టర్ గ్రిగ్నార్డ్ 1900లో ఈ రీఏజెంట్లను ప్రకటించాడు, 1912లో నోబెల్ అందుకున్నాడు. పుస్తకంలో మనం రాసే బొమ్మలో ఒక కార్బన్, ఒక మెగ్నీషియం, ఒక హాలోజన్ ఉంటాయి. ఫ్లాస్కులో మాత్రం ఆ బొమ్మ ఒంటరిగా ఉండదు. రెండు అణువులు తమ హాలోజన్, ఆల్కైల్ గుంపులను మార్చుకుని ఒకటి డైఆల్కైల్ మెగ్నీషియంగా, మరొకటి మెగ్నీషియం హాలైడ్‌గా మారుతూ, మళ్లీ వెనక్కి వస్తూ ఉంటాయి. దీన్నే ష్లెంక్ సమతాస్థితి అంటాం. అది చాలదన్నట్టు, క్లోరిన్ వంతెనలతో ఒకదానికొకటి అంటుకుని గుంపులు కడతాయి. గుంపులో ఇరుక్కున్న అణువు మందకొడిగా ఉంటుంది.

ఇక్కడే లిథియం క్లోరైడ్ పని మొదలవుతుంది. అది టీహెచ్‌ఎఫ్‌లో కరుగుతుంది, లీటరుకు అర మోల్ వరకు ద్రావణం చేసుకోవచ్చు. దాని క్లోరైడ్ మెగ్నీషియానికి చేరి ఆ గుంపులను విడగొడుతుంది, మెగ్నీషియం మీద రుణావేశం పెంచుతుంది. దాంతో కార్బన్ భాగం మరింత చురుగ్గా దాడి చేస్తుంది. ద్రావణంలో ఉన్నది కచ్చితంగా ఏ రూపమనే చర్చ నిపుణుల మధ్య ఇంకా సాగుతూనే ఉంది. పని చేసేవాళ్లకు ఈ బొమ్మ చాలు. మన వంటింటి ఉప్పు టీహెచ్‌ఎఫ్‌లో కరగదు కాబట్టి ఈ పనికి రాదు. ఏ ఉప్పు వేయాలనే ప్రశ్న వచ్చినప్పుడల్లా ముందు చూడాల్సింది అది నా సాల్వెంట్‌లో కరుగుతుందా అని.

2004లో మ్యూనిక్‌లో పాల్ క్నోఖెల్, ఆర్కడీ క్రసోవ్‌స్కీ ఈ కిటుకును ఐసోప్రొపైల్ మెగ్నీషియం క్లోరైడ్‌కు జోడించారు. దానికే ఇప్పుడు 'టర్బో గ్రిగ్నార్డ్' అని పేరు. బజారులో సాధారణంగా 1.3 మోలార్ టీహెచ్‌ఎఫ్ ద్రావణంగా దొరుకుతుంది. బ్రోమో సమ్మేళనంలోని బ్రోమిన్ స్థానంలోకి మెగ్నీషియాన్ని మార్పిడి చేయడం దీని ముఖ్యమైన పని. ఉప్పు లేకుండా ఆ మార్పిడి నత్తనడక నడుస్తుంది. తొందరపడి వేడి పెంచితే అణువులో ఉన్న నైట్రైల్, ఎస్టర్ గుంపులు దెబ్బతింటాయి. ఉప్పుతో అదే పని చల్లగా ఉండగానే అయిపోతుంది. ఈ ఉప్పు విలువంతా ఆ చల్లదనంలోనే ఉంది. వేగం పెరిగిందని మురిసిపోయేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు.

ముందు మీ సీసా చదవండి

ఉప్పు మీరు వేయకపోయినా సీసాలో ఉండొచ్చు. మిథైల్ లిథియం ఈథర్‌లో లిథియం బ్రోమైడ్‌తో కలిసి వచ్చే రకం ఉంది, తక్కువ హాలైడ్ రకమూ ఉంది. రెండూ ఒకలా ప్రవర్తించవు. ఆల్కైల్ లిథియంకు జింక్ క్లోరైడ్ కలిపి ఆర్గానోజింక్ (కార్బన్‌కు జింక్ అతికిన రీఏజెంట్) చేస్తే లిథియం క్లోరైడ్ ఉచితంగా పుడుతుంది. గ్రిగ్నార్డ్‌తో చేస్తే మెగ్నీషియం హాలైడ్ వస్తుంది. ఒక బ్యాచ్ బాగా వచ్చి ఇంకో బ్యాచ్ రాకపోతే మనవాళ్లు సాల్వెంట్‌ను, నైట్రోజన్ లైన్‌ను, చివరికి నైట్ షిఫ్ట్ వాళ్లను తిడతారు. సీసా లేబుల్ మీద చిన్న అక్షరాలు మాత్రం చదవరు. నోట్‌బుక్‌లో 'ఎన్ని ఈక్వివలెంట్ల రీఏజెంట్' అన్న గడి పక్కనే 'అందులో ఏ ఉప్పు, ఎంత' అని ఇంకో గడి గీసుకోండి.

ఉప్పును ఎండబెట్టడం

ఈ మార్గదర్శిలో ఏదైనా ఒక్కటే గుర్తుంచుకుంటాం అంటే, ఈ భాగం గుర్తుంచుకోండి.

రౌండ్ బాటమ్ ఫ్లాస్క్‌లో అవసరమైన దానికంటే పది శాతం ఎక్కువ లిథియం క్లోరైడ్ వేయండి, సగానికి మించి నింపకండి. గట్టిగడ్డలు ఉంటే ముందే మోర్టార్‌లో గబగబా నూరండి. ఎండిన తర్వాత నూరాలనుకుంటే మళ్లీ గాలి తగులుతుంది, శ్రమంతా పోతుంది. ఫ్లాస్క్‌ను ష్లెంక్ లైన్‌కు (వ్యాక్యూమ్, ఆర్గాన్ రెండూ ఇచ్చే గాజు గొట్టాల అమరిక) తగిలించి, పంపుకు ముందు డ్రై ఐస్ ట్రాప్ పెట్టండి. ట్రాప్ లేకపోతే ఉప్పు నుంచి వచ్చిన నీరంతా పంపు నూనెలో కలుస్తుంది, నూనె పాలవిరుగుడులా అయిపోతుంది. వ్యాక్యూమ్ మెల్లగా తెరవండి. ఒక్కసారిగా తెరిస్తే పొడి ఎగిరి గొట్టంలోకి పోతుంది.

ఆయిల్ బాత్‌ను నెమ్మదిగా 150 డిగ్రీలకు తీసుకెళ్లి కనీసం నాలుగు గంటలు ఉంచండి. నేనైతే సాయంత్రం పెట్టి రాత్రంతా వదిలేస్తాను. మాగ్నెటిక్ బార్‌తో అప్పుడప్పుడు కలపండి. మొదట్లో పొడి బార్‌కు అంటుకుని ఉండలు కడుతుంది. ఎండిన కొద్దీ ఇసుకలా జారుతుంది. ఫ్లాస్క్‌ను తట్టినప్పుడు గోడకు అంటకుండా గలగలా దొర్లితే దగ్గరకొచ్చినట్టే. వేడి మీదే ఆర్గాన్ నింపి, వ్యాక్యూమ్ తీసి, మళ్లీ నింపి, ఇలా మూడుసార్లు చేసి చల్లారనివ్వండి. రాత్రంతా పెడితే ఒక జాగ్రత్త అవసరం. కరెంటు పోయి పంపు ఆగితే నూనె వెనక్కి తన్నొచ్చు, తేమ గాలి కూడా లోపలికి రావచ్చు. వెనక్కి తన్నకుండా వాల్వ్ ఉన్న పంపు లేకపోతే రాత్రి పెట్టకండి.

ఇక తూకం. ఎండిన ఉప్పును బయటికి తీసి తూచకూడదు. ఖాళీ ఫ్లాస్క్‌ను మాగ్నెటిక్ బార్, సెప్టాతో (రబ్బరు మూత) సహా ముందే తూచి రాసుకోండి, ఎండాక మళ్లీ తూచండి. తేడాయే మీ ఉప్పు. దాన్ని బట్టి మిగతావి లెక్కవేసుకోండి. గ్లోవ్ బాక్స్ ఉన్నవాళ్లు అదృష్టవంతులు. లేనివాళ్లకు ఈ పద్ధతి పూర్తిగా సరిపోతుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగాక కిటికీలు తీసి ఉన్న గదిలో మాత్రం ఇలాంటి తూకాలు పెట్టుకోకండి.

టర్బో గ్రిగ్నార్డ్ తయారీ

సీసా కొనుక్కుంటే ఈ భాగం వదిలేయొచ్చు. కానీ ఒక్కసారైనా చేతితో చేసి చూడండి.

లిథియం క్లోరైడ్ 4.24 గ్రాములు, అంటే 100 మిల్లీమోల్స్ ఎండిన ఫ్లాస్క్‌లోనే మెగ్నీషియం టర్నింగ్స్ 2.67 గ్రాములు, అంటే 110 మిల్లీమోల్స్ వేసి, నీరు తీసేసిన టీహెచ్‌ఎఫ్ 50 మిల్లీలీటర్లు పోయండి. అడిషన్ ఫన్నెల్‌లో 2-క్లోరోప్రొపేన్ 7.85 గ్రాములు, ఇంకో 50 మిల్లీలీటర్ల టీహెచ్‌ఎఫ్‌లో తీసుకోండి. ఈ క్లోరైడ్ 35, 36 డిగ్రీలకే మరుగుతుంది. మే నెలలో ఏసీ లేని మన ల్యాబ్‌లో సీసా మూత తీస్తేనే ఆవిరి బుస్సుమంటుంది. ఫ్రిజ్‌లో చల్లబరిచి తీయండి, ఆ గదిలో ఎక్కడా హీట్ గన్ గానీ నిప్పు గానీ ఉండకూడదు.

ముందు ఐదు శాతం మాత్రమే చుక్కలుగా వేసి ఆగండి. కొన్ని నిమిషాల్లో ఫ్లాస్క్ వేడెక్కి, ద్రావణం బూడిదరంగుకు తిరగాలి. మొదలవకపోతే మిగతాది వేయకండి. ఇందులో సర్దుబాటు లేదు. మొదలవని ఫ్లాస్క్‌లో అంతా పోసి, ఆ తర్వాత ఒక్కసారిగా మొదలైతే టీహెచ్‌ఎఫ్ కండెన్సర్ దాటి బయటికి తన్నుకొస్తుంది. చిన్న అయోడిన్ పలుకు వేసి చూడండి, అయినా కదలకపోతే ఆపేసి ఉప్పును మళ్లీ ఎండబెట్టండి. మొదలైతే మిగతాది నెమ్మదిగా వేసి, గది ఉష్ణోగ్రత దగ్గర పన్నెండు గంటలు కలపండి. మిగిలిన మెగ్నీషియాన్ని కింద వదిలి, కాన్యులాతో (సన్నటి గొట్టం) పై ద్రావణాన్ని ఆర్గాన్ కింద వేరే ఫ్లాస్క్‌కు దాటించండి. పొడి ఇసుక బకెట్ చేతికందేలా ఉండాలి. మెగ్నీషియం అంటుకుంటే నీళ్లు గానీ కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ గానీ పనికిరావు.

బలం కొలవడం

కొన్న సీసా మీద 1.3 అని ఉన్నా నమ్మకండి. నెల రోజుల కిందట ఎవరో తెరిచిన సీసా అయితే అసలే నమ్మకండి. ఈ కొలతకూ క్నోఖెల్ బృందమే ఒక తేలిక పద్ధతి ఇచ్చింది, అందులోనూ ఉప్పే కీలకం.

ఎండిన చిన్న ఫ్లాస్క్‌లో అయోడిన్ 127 మిల్లీగ్రాములు తూచండి. అది సరిగ్గా అర మిల్లీమోల్. ఆర్గాన్ కింద 0.5 మోలార్ లిథియం క్లోరైడ్ టీహెచ్‌ఎఫ్ ద్రావణం 3 మిల్లీలీటర్లు పోసి, ఐస్ బాత్‌లో పెట్టి, ఒక మిల్లీలీటర్ సిరంజితో గ్రిగ్నార్డ్‌ను చుక్కచుక్కగా వదలండి. ముదురు గోధుమ రంగు ముందు డికాక్షన్‌లా, తర్వాత పలచటి టీ నీళ్లలా మారుతుంది. ఆ తర్వాత లేత పసుపు, ఆ పసుపు పోగానే ఆపాలి. చివరి రెండు చుక్కల మధ్య అర నిమిషం ఆగండి. ఒక మోల్ అయోడిన్‌కు ఒక మోల్ గ్రిగ్నార్డ్ ఖర్చవుతుంది. 0.385 మిల్లీలీటర్లు పట్టిందా, మీ సీసా 1.30 మోలార్. పైన చెప్పినట్టు సొంతంగా చేసినదానికి 0.55 దగ్గర పట్టొచ్చు, అప్పుడు 0.91 మోలార్. లిథియం క్లోరైడ్ లేకపోతే మెగ్నీషియం హాలైడ్ తెల్లగా విరిగి ద్రావణం మసకబారుతుంది, పసుపు ఎప్పుడు పోయిందో కంటికి ఆనదు. మూడుసార్లు చేయండి, మూడూ దగ్గరగా రాకపోతే తప్పు సిరంజిలోనో తూకంలోనో ఉంటుంది.

మార్పిడి చేసి చూద్దాం

4-బ్రోమోబెంజోనైట్రైల్ 1.82 గ్రాములు, అంటే 10 మిల్లీమోల్స్ పది మిల్లీలీటర్ల టీహెచ్‌ఎఫ్‌లో కరిగించి 0 డిగ్రీలకు చల్లార్చండి. టర్బో గ్రిగ్నార్డ్ 10.5 మిల్లీమోల్స్ చుక్కలుగా వేయండి. 1.30 అయితే 8.1 మిల్లీలీటర్లు, 0.91 అయితే 11.5. అదే ఉష్ణోగ్రతలో రెండు మూడు గంటలు కలపండి.

ఎప్పుడు అయిందో గడియారం చెప్పదు, అలిక్వాట్, అంటే ఫ్లాస్క్‌లోంచి తీసిన చిన్న నమూనా, చెబుతుంది. గంటకోసారి 0.1 మిల్లీలీటర్ తీసి, సంతృప్త అమ్మోనియం క్లోరైడ్, ఇథైల్ ఎసిటేట్ ఉన్న వయల్‌లో వేసి గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌కు ఇవ్వండి. మార్పిడి జరిగినదంతా బెంజోనైట్రైల్‌గా, జరగనిది బ్రోమైడ్‌గా కనిపిస్తుంది. టీఎల్‌సీ (పలచటి పొర క్రొమటోగ్రఫీ) మీద ఈ రెండు మచ్చలూ దగ్గరదగ్గరగా కూర్చుంటాయి, దాన్ని చూసి నిర్ణయించకండి. ఒక అలిక్వాట్‌ను అయోడిన్ ద్రావణంలో కూడా వేయండి. అయోడోబెంజోనైట్రైల్ వస్తే ఫ్లాస్క్‌లో బతికున్న గ్రిగ్నార్డ్ ఉన్నట్టు. నీటితో ఆపినప్పుడు బెంజోనైట్రైల్ వచ్చి, అయోడిన్‌తో ఆపినా బెంజోనైట్రైలే వస్తే, మార్పిడి జరిగాక ఎక్కడి నుంచో నీరు తగిలి అది చచ్చిపోయిందని అర్థం. ఈ జంట పరీక్ష నాకు ఎన్నో రోజులు మిగిల్చింది.

బ్రోమైడ్ ఆనవాలు పోయాక, తాజాగా డిస్టిల్ చేసిన బెంజాల్డిహైడ్ 0.92 మిల్లీలీటర్లు, అంటే 9 మిల్లీమోల్స్ వేయండి. పాత సీసాలోని ఆల్డిహైడ్‌లో బెంజోయిక్ యాసిడ్ ఉంటుంది, అది మీ గ్రిగ్నార్డ్‌ను తినేస్తుంది. అర గంట తర్వాత 0 డిగ్రీల దగ్గరే అమ్మోనియం క్లోరైడ్‌తో క్వెంచ్ చేయండి, అంటే చర్యను ఆపండి.

మెథాక్సీ లాంటి గుంపులున్న ఎలక్ట్రాన్లు ఎక్కువైన బ్రోమైడ్లకు ఇదే పద్ధతి మందంగా నడుస్తుంది. అప్పుడు డయాక్సేన్ కలిపే ఉపాయం ఉంది. అది మెగ్నీషియం క్లోరైడ్‌ను అవక్షేపంగా పడగొట్టి, ష్లెంక్ సమతాస్థితిని డైఐసోప్రొపైల్ మెగ్నీషియం వైపు నెడుతుంది. ఆ రూపం లిథియం క్లోరైడ్‌తో కలిసి ఇంకా చురుకు. కాకపోతే ఫ్లాస్క్ ఇడ్లీపిండిలా చిక్కబడి మాగ్నెట్ ఆగిపోతుంది, మెకానికల్ స్టిర్రర్ సిద్ధం చేసుకోండి.

జింక్, ఎల్‌డీఏ, సీరియం

జింక్ పొడితో ఆర్గానోజింక్ చేసేటప్పుడు లిథియం క్లోరైడ్ పాత్ర వేరు. ఇర్వైన్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సుజాన్ బ్లమ్ బృందం ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోప్ కింద జింక్ రేణువులను చూసింది. ఉప్పు లేనప్పుడు పుట్టిన ఆర్గానోజింక్ లోహం మీదే అంటుకుని ఉండిపోతోంది. ఉప్పు వేస్తే అది కరిగి ద్రావణంలోకి దిగిపోతోంది, కింద తాజా లోహం బయటపడుతోంది. అడుగంటిన గిన్నెను గీకినట్టు. చేసేటప్పుడు జింక్‌నూ ఉప్పునూ ఒకే ఫ్లాస్క్‌లో వ్యాక్యూమ్ కింద కలిపే ఎండబెట్టి, టీహెచ్‌ఎఫ్ పోశాక డైబ్రోమోఈథేన్, ట్రైమిథైల్ సిలైల్ క్లోరైడ్ కొద్దికొద్దిగా వేసి లోహాన్ని నిద్రలేపండి.

ఎల్‌డీఏ (లిథియం డైఐసోప్రొపైల్ అమైడ్ అనే బలమైన క్షారం) సంగతి ఇంకా సున్నితం. కార్నెల్‌లో డేవిడ్ కొలమ్ బృందం చూపిందేమిటంటే, మైనస్ 78 డిగ్రీల దగ్గర కొన్ని లిథియేషన్లను (హైడ్రోజన్ స్థానంలో లిథియం చేర్చడం) ఒక మోల్ శాతం కంటే తక్కువ లిథియం క్లోరైడ్ కూడా వేగవంతం చేయగలదు. అంటే మీ బ్యూటైల్ లిథియంలో ఆనవాలుగా ఉన్న ఉప్పు కూడా ఫలితాన్ని మార్చేయొచ్చు. అంత తక్కువ లిథియం క్లోరైడ్‌ను విశాఖలో తూచే ప్రయత్నం చేయకండి, మీరు తూచేది సగం నీరే అవుతుంది. దానికి బదులు శుద్ధి చేసి ఎండబెట్టిన ట్రైఇథైల్ అమీన్ హైడ్రోక్లోరైడ్‌ను తూచి, ఎల్‌డీఏలో వేయండి. అక్కడికక్కడే కావలసినంత లిథియం క్లోరైడ్ పుడుతుంది. ఆ హైడ్రోక్లోరైడ్‌కు ఖర్చయ్యే ఎల్‌డీఏను లెక్కలో కలుపుకోవడం మరవకండి.

సులభంగా హైడ్రోజన్ పోగొట్టుకుని ఈనోలేట్‌గా మారే కీటోన్‌కు గ్రిగ్నార్డ్ కలపాలంటే సీరియం క్లోరైడ్ వాడండి, ఇమామోటో చూపిన దారి ఇది. హెప్టాహైడ్రేట్‌ను (ఏడు నీటి అణువులున్న రూపం) వ్యాక్యూమ్ కింద నిదానంగా 140 డిగ్రీలకు తీసుకెళ్లాలి. తొందరపడితే హైడ్రోక్లోరిక్ యాసిడ్ వదిలేసి ఆక్సీక్లోరైడ్‌గా మారి ఎందుకూ పనికిరాదు. ఎండాక టీహెచ్‌ఎఫ్‌లో కనీసం రెండు గంటలు కలిపితే పాలలా తెల్లటి సస్పెన్షన్ రావాలి.

ఉప్పు తీసేయాల్సిన సందర్భం

అసమమిత సంశ్లేషణ (అద్దంలో ప్రతిబింబాల్లాంటి రెండు రూపాల్లో, అంటే ఎనాన్షియోమర్లలో, ఒకదాన్నే ఎక్కువగా తయారుచేయడం) చేసేవాళ్లకు పైన చెప్పినదంతా తలకిందులు. కైరల్ ఉత్ప్రేరకంతో డైఆల్కైల్ జింక్‌ను ఆల్డిహైడ్‌కు కలుపుతున్నప్పుడు లిథియం, మెగ్నీషియం లవణాలు ఉంటే, అవి ఉత్ప్రేరకం ప్రమేయం లేకుండానే పక్కదారిన చర్యను నడిపిస్తాయి. దిగుబడి బాగుంటుంది, ఎనాన్షియోమర్ల తేడా పడిపోతుంది. గ్రిగ్నార్డ్ నుంచి డైఆల్కైల్ జింక్ చేసినప్పుడు డయాక్సేన్‌తో మెగ్నీషియం హాలైడ్‌ను పడగొట్టి, ఆర్గాన్ కింద ఫిల్టర్ గానీ సెంట్రిఫ్యూజ్ గానీ చేసి వాడండి.

వర్కప్‌లో, అంటే చర్య అయ్యాక శుద్ధి చేసే దశలో, ఫార్మా వాళ్లకు ఒక మాట. మందులో మిగిలిపోయే లోహాలకు ఐసీహెచ్ (మందుల ప్రమాణాలు కుదిర్చే అంతర్జాతీయ మండలి) క్యూ3డీ మార్గదర్శకం ఉంది. నోటి ద్వారా తీసుకునే మందులో లిథియం రోజుకు 550 మైక్రోగ్రాములు దాటకూడదు. నీటితో రెండుసార్లు బాగా కడిగితే లిథియం క్లోరైడ్ దాదాపు పోతుంది, కానీ పోయిందని విశ్లేషణ నివేదికలో కనిపించాలి. ఎమల్షన్ వస్తే అమ్మోనియం క్లోరైడ్ బదులు సిట్రిక్ యాసిడ్ ద్రావణం వాడి చూడండి, మెగ్నీషియం హైడ్రాక్సైడ్ జిగురు విడిపోతుంది. ఆ నీళ్లు సింకులో పోయకుండా లేబుల్ రాసిన క్యాన్‌లో వేయండి.

మిగిలిన టర్బో గ్రిగ్నార్డ్‌ను ఫ్రిజ్‌లో పెడితే అడుగున స్ఫటికాలు కనిపించొచ్చు. పైపైన తేటగా ఉన్నది తీసి వాడితే మీ 1.30 ఎంతకు మారిందో తెలియదు. గది ఉష్ణోగ్రతకు తెచ్చి, అన్నీ కరిగేదాకా తిప్పి, మళ్లీ ఒక 127 మిల్లీగ్రాముల అయోడిన్ తూచుకోండి. బ్యాలెన్స్ తలుపు మూసి.